పాత ఆల్టీమీటర్ చేతులు మారేటప్పుడు: పరీక్షతో తేలేదెంత, నమ్మాల్సిందెంత?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక శ్రీహరికోట తిరుపతి జిల్లా లెక్కలోకి వచ్చింది. ఇక్కడి కాలేజీ పిల్లలకు రాకెట్ పిచ్చి అంతకుముందు నుంచే ఉంది. కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష సంస్థ ఇన్-స్పేస్ విద్యార్థుల కోసం మోడల్ రాకెట్ల పోటీ పెట్టి, 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో ఎగరేయించాక ‘మనమూ చేద్దాం’ అనే మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. దాని వెనకే, రాకెట్ ఎత్తు కనిపెట్టి పారాచూట్ విప్పించే ఆల్టీమీటర్ అనే చిన్న సర్క్యూట్ బోర్డుల సెకండ్ హ్యాండ్ బేరమూ మొదలైంది. ఫైనలియర్ పిల్లలు వెళ్లిపోతూ జూనియర్లకు అమ్మే బోర్డులు కొన్ని, అమెరికాలో ఎమ్మెస్ చేసేవాళ్లు సూట్‌కేసులో వేసుకొచ్చేవి కొన్ని. బేరం సాధారణంగా ఇలా సాగుతుంది:

“అన్నా, ఎన్నిసార్లు ఎగిరిందిది?”

“రెండే రెండు సార్లప్పా. బాగానే ఉండాది.”

ఈ జవాబులో రెండు సంగతులున్నాయి. బాగుందా లేదా అన్నది చాలావరకు గదిలో కూర్చునే తేల్చుకోవచ్చు. రెండుసార్లే ఎగిరిందన్నది మాత్రం, బోర్డులో రికార్డు మిగిలి ఉంటే తప్ప, అన్న మాట మీద నమ్మాల్సిందే. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య వచ్చే గొడవలు ఎక్కువగా ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

బొటనవేలంత బోర్డు మీద అంత భారం ఎందుకు?

హాబీ రాకెట్లలో మోటారు ఇచ్చే మొత్తం తోపును (తోపు బలాన్ని అది ఉండే సెకన్లతో గుణించిన లెక్క) ఇంగ్లిష్ అక్షరాలతో చెబుతారు. ఒక్కో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ దాని గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. ‘జి’ తరగతి 160 న్యూటన్-సెకన్లతో ముగుస్తుంది. ‘హెచ్’ నుంచి పైవన్నీ హై-పవర్ కింద లెక్క. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ అనే రెండు సంఘాలు వీటిని ఎగరేసేవాళ్లకు మూడు స్థాయిల్లో అర్హత ఇస్తాయి. హెచ్, ఐ మోటార్లకు మొదటి స్థాయి, జె నుంచి ఎల్ దాకా రెండోది, ఎం, ఆపై వాటికి మూడోది.

చిన్న రాకెట్‌కు ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు. మోటారులోనే నెమ్మదిగా కాలే మందు ఒక పొర ఉంటుంది. అది కాలిపోయాక చిన్న పేలుడు జరిగి పారాచూట్ బయటపడుతుంది. ఎత్తు కిలోమీటరు దాటిందంటే ఈ పద్ధతితో చిక్కు వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. రాకెట్ 1,500 మీటర్లు ఎక్కింది. పైనే పెద్ద పారాచూట్ విప్పితే సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగుతుందనుకుందాం. నేలకు చేరడానికి 250 సెకన్లు పడుతుంది. గాలి సెకనుకు 5 మీటర్లు వీస్తుంటే రాకెట్ 1,250 మీటర్ల అవతల, ఎవరి చెరుకు తోటలోనో పడుతుంది. అదే పైన చిన్న పారాచూట్ ఒకటే విప్పి, సెకనుకు 25 మీటర్ల చొప్పున 200 మీటర్ల ఎత్తు దాకా దింపి, అక్కడ పెద్దది విప్పితే? మొదటి భాగానికి 52 సెకన్లు, రెండో భాగానికి సుమారు 33 సెకన్లు. మొత్తం 85 సెకన్లు. అదే గాలికి కొట్టుకుపోయేది 425 మీటర్లే.

ఈ రెండంచెల పద్ధతిని డ్యూయల్ డిప్లాయ్‌మెంట్ అంటారు. చిన్న పారాచూట్‌ను డ్రోగ్ అనీ పెద్దదాన్ని మెయిన్ అనీ పిలుస్తారు. ఎప్పుడు ఏది విప్పాలో నిర్ణయించి, ఈ-మ్యాచ్ అనే విద్యుత్ వత్తికి కరెంటు పంపేదే ఆల్టీమీటర్. అది సరిగ్గా పనిచేయకపోతే కిలోల బరువున్న గొట్టం పారాచూట్ లేకుండా ముక్కు కిందికి పెట్టుకొని దూసుకొస్తుంది. ఇంకో రకం తప్పు కూడా ఉంది: నేల మీద మనిషి చేతిలో ఉండగానే పేలడం.

ఆల్టీమీటర్ ఎత్తు చూసి రెండు వత్తులు వెలిగిస్తే సరిపోతుంది. దానికి యాక్సెలరోమీటర్ (త్వరణం కొలిచే సెన్సరు), జీపీఎస్, రేడియో, మరిన్ని అవుట్‌పుట్లు చేరిస్తే ఫ్లైట్ కంప్యూటర్ అంటారు. వాడుకలో ఈ గీత పెద్దగా పట్టించుకోరు. స్ట్రాటోలాగర్, ఆర్ఆర్‌సీ3, రేవెన్, టెలిమెట్రమ్, ఎగ్‌టైమర్ క్వాంటమ్ లాంటి పేర్లు ప్రకటనల్లో తరచూ కనిపిస్తాయి. వీటిలో ఎగ్‌టైమర్ బోర్డుల సంగతి కాస్త వేరు. అవి కిట్లుగా వస్తాయి, కొన్నవాళ్లే టంకం వేసుకోవాలి. కాబట్టి పాత ఎగ్‌టైమర్ కొంటున్నామంటే, దాన్ని అతికినవాడి చేతి పనితనాన్ని కూడా కొంటున్నట్టే.

పీడనం నుంచి ఎత్తు, తిరుపతి ఎండలో వచ్చే తేడా

ఈ బోర్డులు ఎత్తును నేరుగా కొలవవు. గాలి పీడనం కొలిచి, దాని నుంచి ఎత్తు లెక్కగడతాయి. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రామాణిక వాతావరణం లెక్కలో అక్కడి పీడనం దాదాపు 994 హెక్టోపాస్కల్స్. తిరుమల ఎత్తు 850 మీటర్లనుకుంటే అక్కడ 915 ఉండాలి. అంటే ఘాట్ రోడ్డు ఎక్కేసరికి 79 హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. ఆల్టీమీటర్‌కు ఇది కళ్లు మూసుకొని చెప్పగలిగేంత పెద్ద తేడా. ఇప్పటి సెన్సర్లు ఇరవై ముప్పై సెంటీమీటర్ల ఎత్తు తేడాను కూడా పసిగడతాయి.

(బోర్డును పరీక్షిద్దామని కొండకు తీసుకెళ్లే ఆలోచన కొందరికి వస్తుంది. బ్యాటరీ తగిలించి, కీచుకీచుమని కూసే సర్క్యూట్‌ను అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగులోంచి తీయించుకోవడం తెలివైన పని కాదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఉంది, 1,200 మీటర్ల పైమాటే.)

ఇక్కడో చిక్కుంది. పీడనాన్ని ఎత్తుగా మార్చే సూత్రం, సముద్ర మట్టం దగ్గర గాలి 15 డిగ్రీలు ఉంటుందని అనుకుంటుంది. మే నెలలో రేణిగుంట వైపు 40 డిగ్రీలు మామూలే. వేడి గాలి వ్యాకోచించి ఉంటుంది కాబట్టి అదే పీడనం తేడాకు అసలు ఎత్తు ఎక్కువ ఉంటుంది. ఎండాకాలంలో బోర్డు 1,000 మీటర్లు అని చూపిస్తే, ఉష్ణోగ్రత సవరణ చేయని రకమైతే, రాకెట్ నిజానికి 1,080 మీటర్ల దాకా వెళ్లి ఉండొచ్చు.

అమ్మకంలో దీనికి ప్రాధాన్యం ఎందుకంటే, ‘జీపీఎస్‌తో పోలిస్తే 80 మీటర్లు తక్కువ చూపిస్తోంది, సెన్సర్ పోయింది’ అంటూ మంచి బోర్డును సగం ధరకు అమ్మేసేవాళ్లూ ఉంటారు, అదే కారణం చెప్పి బేరమాడేవాళ్లూ ఉంటారు. అది సెన్సర్ లోపం కాదు, ఎండ ప్రభావం. జీపీఎస్‌కూ దాని పరిమితులున్నాయి. హాబీ బోర్డుల్లో తరచూ కనిపించే యూ-బ్లాక్స్ చిప్పులు సెకనుకు 500 మీటర్ల వేగం దాటితే స్థానం చెప్పడం ఆపేస్తాయి. ఎక్కేటప్పుడు జీపీఎస్ రికార్డులో ఖాళీ కనిపిస్తే అది చెడిపోయిందని వెంటనే తేల్చేయకూడదు.

బోర్డు ఎలా చెడుతుంది: కనిపించేవి, కనిపించనివి

సెకండ్ హ్యాండ్ బైకు కొనేటప్పుడు కిలోమీటర్లు చూస్తాం, ఇంజిన్ శబ్దం వింటాం. ఆల్టీమీటర్‌కు కిలోమీటర్లతో పెద్దగా పనిలేదు. పది నిమిషాల ప్రయాణాలు పాతిక చేసినా చిప్పు అరగదు. దాన్ని చెడగొట్టేవి వేరే ఉన్నాయి.

మొదటిది మసి. పారాచూట్‌ను బయటికి తోయడానికి తుపాకీ మందు వాడతారు. కాలాక మిగిలే బూడిద గాలిలోని తేమను పీల్చుకొని రాగిని తింటుంది. ఎలక్ట్రానిక్స్ పెట్టే అర సరిగ్గా మూసుకోకపోతే ఆ పొగ బోర్డు మీదికి వస్తుంది. ఎగిరిన రోజు ఏమీ తెలియదు. హాస్టల్ అలమారాలో ఒక వానాకాలం గడిచాక టెర్మినల్ దగ్గర పచ్చటి పొడి కనిపిస్తుంది. మన కాలేజీ టీములు ఎగరేసేది అరుదు, దాచిపెట్టేది ఎక్కువ. అందుకే ఇక్కడి బోర్డుల విషయంలో ఎన్నిసార్లు ఎగిరిందని అడగడం కంటే, ఎగిరాక తుడిచారా, ఎక్కడ పెట్టారు అని అడగడం మేలని నా అభిప్రాయం.

రెండోది దెబ్బ. నేలకు గట్టిగా తగిలినప్పుడు బరువైన భాగాలు ముందు కదులుతాయి. నిలువుగా డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు, స్క్రూ టెర్మినళ్లు, బజర్. టంకం చుట్టూ వెంట్రుకంత గుండ్రటి పగులు వస్తుంది. టేబుల్ మీద బాగానే పనిచేస్తుంది, మోటారు అదిరింపులో ఒక్క క్షణం కరెంటు తెగుతుంది. బ్యాటరీ ఒక్క క్షణం వదిలినా బోర్డును నిలబెట్టేది ఆ కెపాసిటరే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. భూతద్దం పట్టుకొని, టెర్మినల్‌ను వేలితో మెల్లగా అటూ ఇటూ నొక్కితే ఈ పగులు దొరికే అవకాశం ఉంది. తప్పక దొరుకుతుందని మాత్రం చెప్పలేం.

మూడోది అన్నింటికన్నా ప్రమాదకరం. వత్తికి కరెంటు వదిలే పని ఒక ట్రాన్సిస్టర్ చేస్తుంది. ఎప్పుడో వైర్లు ఒకదానికొకటి తగిలి ఎక్కువ కరెంటు పారితే అది కాలిపోతుంది. కాలిపోయినప్పుడు తెరుచుకునే ఉండిపోతే వత్తి వెలగదు. మూసుకుపోయి ఉండిపోతే, అంటే షార్ట్ అయితే, బ్యాటరీ తగిలించగానే వత్తి వెలిగిపోవచ్చు. రాకెట్ అప్పుడు లాంచ్ ప్యాడ్ మీద ఉంటుంది, స్విచ్ వేసిన కుర్రాడు పక్కనే ఉంటాడు. బయటికి చూస్తే బోర్డు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది.

ఒకటి మాత్రం లోపం కాకపోయినా లోపంలా కనిపిస్తుంది. కొన్ని పీడన సెన్సర్ల మీద నేరుగా ఎండ పడితే రీడింగు గెంతుతుంది. కిటికీ పక్కన పెట్టి పరీక్షించి పిచ్చి అంకెలు వస్తున్నాయని వెనక్కి పంపేముందు దాన్ని నీడలోకి జరిపి చూడాలి.

సీసా, సిరంజీ, ఒక చిన్న బల్బు

రాకెట్ లేకుండానే ఆల్టీమీటర్‌ను ‘ఎగరేసే’ పద్ధతి ఒకటి ఈ హాబీలో ఎప్పటినుంచో ఉంది. గాలి చొరబడని సీసాలో బోర్డు పెట్టి, మూతకు రంధ్రం చేసి, గొట్టం ద్వారా సిరంజీతో గాలి లాగుతారు. పీడనం తగ్గితే పైకి వెళ్తున్నాననుకుంటుంది. వదిలేస్తే దిగుతున్నాననుకుంటుంది.

అంకెల్లో చూస్తే ఇదెంత పనికొస్తుందో తెలుస్తుంది. సీసాలో గాలి అర లీటరు, సిరంజీ 60 మిల్లీలీటర్లు అనుకుందాం. పూర్తిగా లాగితే 500 మిల్లీలీటర్ల గాలి 560లోకి వ్యాపిస్తుంది. పీడనం 994 నుంచి 888 హెక్టోపాస్కల్స్‌కు పడుతుంది. ఆ పీడనం ప్రామాణిక లెక్కలో సుమారు 1,100 మీటర్లకు సరిపోతుంది. మొదలుపెట్టిన 160 తీసేస్తే బోర్డు దృష్టిలో అది 940 మీటర్ల ఎగురుడు. అదే సిరంజీతో లీటరు సీసా అయితే 490 మీటర్ల లోపే. మూత చుట్టూ గాలి కారితే ఇంకా తగ్గుతుంది.

వత్తులు ఉండాల్సిన చోట వత్తులు పెట్టరు. పాతకాలం సీరియల్ సెట్టు బల్బు పెడతారు, లోపల తీగ ఉండే రకం. బల్బు అయితే, వత్తి తగిలించి ఉందో లేదో చూసే కంటిన్యుటీ పరీక్షలో కూడా సాధారణంగా నెగ్గుతుంది. ఎల్ఈడీతో ఆ భాగం సరిగా తేలకపోవచ్చు.

ఇక చూడాల్సింది వరస. బ్యాటరీ తగిలించగానే ఏ బల్బూ వెలగకూడదు. వెలిగిందంటే బేరం అక్కడితో ఆపేయాలి. బీప్‌లు కంటిన్యుటీ సరిగా చెప్పాలి. సిరంజీ లాగుతున్నంతసేపూ బల్బులు ఆరిపోయే ఉండాలి. ఆపి మెల్లగా వదలడం మొదలుపెట్టగానే డ్రోగ్ బల్బు ఒక్కసారి మెరవాలి. పెట్టిన ఎత్తుకు, 200 మీటర్లనుకుంటే అక్కడికి, దిగినప్పుడు మెయిన్ బల్బు మెరవాలి. రెండూ ఒకేసారి మెరిస్తే సెట్టింగు అయినా తప్పు, లేదా గాలి ఒక్కసారిగా వదిలేసి ఉంటారు. రెండోసారి చేస్తే తెలిసిపోతుంది.

ఈ పరీక్షతో సెన్సరు, ప్రోగ్రాము, ట్రాన్సిస్టర్లు, బజరు అన్నీ ఒకేసారి తేలుతాయి. అమ్మేవాళ్లు దీన్ని ఫోనులో వీడియో తీసి పంపితే బేరం సగం అయిపోయినట్టే. తేలనిది అదిరింపు. సీసాలో బోర్డు నిశ్చలంగా ఉంటుంది కాబట్టి టంకం పగులు ఇక్కడ దొరకదు.

యాక్సెలరోమీటర్ ఉన్న బోర్డు సీసాకు లొంగదు

కొన్ని ఫ్లైట్ కంప్యూటర్లు రాకెట్ లేచిందని పీడనంతో కాకుండా త్వరణంతో గుర్తిస్తాయి. వాటిని సీసాలో పెట్టి ఎంత లాగినా ‘ఇంకా నేల మీదే ఉన్నాను’ అనుకుంటూ కూర్చుంటాయి. అలాగని అవి చెడిపోయినట్టు కాదు. వాటిని సాఫ్ట్‌వేర్‌లోని అనుకరణ పద్ధతితో పరీక్షించాలి, లేదా అవుట్‌పుట్లను ఒక్కొక్కటిగా కంప్యూటర్ నుంచి వెలిగించి చూడాలి.

త్వరణ సెన్సరుకు చేసే పరీక్ష సులువు. బోర్డును నిలువుగా పెడితే +1 జీ, తలకిందులుగా పెడితే −1 జీ చూపాలి (1 జీ అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం). నేలను గుద్దిన బోర్డులో ఈ సున్నా కొంచెం పక్కకు జరిగి ఉండొచ్చు. చూడటానికి 0.05 జీ తేడా ఏమంత కాదు. కానీ వేగం అంటే త్వరణాన్ని సెకను సెకనుకూ కూడుకుంటూ వెళ్లడమే. 0.05 జీ అంటే వేగం ప్రతి సెకనుకూ సుమారు సెకనుకు 0.49 మీటర్ల చొప్పున మారడం. పది సెకన్ల ప్రయాణంలో అది సెకనుకు 4.9 మీటర్ల తప్పు వేగంగా పేరుకుంటుంది. శిఖరం దగ్గర వేగం సున్నా అయ్యిందనే నిర్ణయం అర సెకను అటో ఇటో జరుగుతుంది. డ్రోగ్‌కు అర సెకను పెద్ద ఆపద కాదు. కానీ తేడా 0.3 జీ ఉంటే అది మూడు సెకన్లు అవుతుంది, అప్పటికి రాకెట్ సెకనుకు 30 మీటర్ల వేగం అందుకుంటుంది. కొన్ని బోర్డుల్లో ఈ సున్నాను వాడేవాళ్లే తిరిగి సరిచేసుకోవచ్చు. అమ్మేవాళ్లు ఆ సంగతి చెబితే ధర నిలబడుతుంది.

‘పాతది వద్దు’ అనేవాళ్లు, ‘పాతదే నయం’ అనేవాళ్లు

ఈ విషయంలో రెండు వాదనలూ బలమైనవే.

వద్దనేవాళ్లు చెప్పేది ఇది: రాకెట్‌లో ప్రాణాల మీదికి తెచ్చే భాగం ఇదొక్కటే, దీని మీద మిగిలేది రెండు మూడు వేలు, దాని కోసం చరిత్ర తెలియని బోర్డును నమ్మడం ఎందుకు? నయం అనేవాళ్ల మాట: ఎలక్ట్రానిక్స్‌లో తయారీ లోపాలు మొదటి వాడకంలోనే బయటపడతాయి, అప్పుడే పెట్టెలోంచి తీసిన బోర్డు కంటే నాలుగుసార్లు బాగా ఎగిరి, రికార్డు చూపించగలిగిన బోర్డే నమ్మదగింది. దీనికి ఇంకోటి కూడా కలుపుతారు: చెడిపోయాయనుకున్న చాలా ఆల్టీమీటర్లలో తప్పు బోర్డుది కాదు, వదులైన తొమ్మిది వోల్టుల బ్యాటరీదో, గాలి రంధ్రం తప్పు చోట పెట్టిన రాకెట్‌దో.

‘ఎలాగూ రెండు బోర్డులు పెడతాం కదా’ అనేది మూడో వాదన. అమెరికా సంఘాల మూడో స్థాయి అర్హతకు విడివిడి బ్యాటరీలతో రెండు వ్యవస్థలు ఉండాలని నియమం కూడా ఉంది. ఈ వాదనలో సగమే నిజం. ఒక బోర్డు వత్తి వెలిగించకపోయే అవకాశం వందలో 5 అనుకుందాం. రెండు విడివిడిగా ఉంటే రెండూ ఒకేసారి మొరాయించే అవకాశం 5 శాతంలో 5 శాతం, అంటే 0.25 శాతం. బ్రహ్మాండం. కానీ ముందే పేలిపోయే లోపానికి ఈ లెక్క తిరగబడుతుంది. ఒక్కో బోర్డుకు ఆ ప్రమాదం వందలో 1 అయితే, రెండు పెట్టినప్పుడు దాదాపు 2 అవుతుంది. ఏ ఒక్కటి ముందు పేలినా చాలు. కాబట్టి అనుమానం ఉన్న బోర్డును ‘బ్యాకప్‌గా పడుంటుంది లే’ అని పెట్టడం రాకెట్‌ను పారాచూట్ లేకుండా పడకుండా కాపాడొచ్చు గానీ, ప్యాడ్ దగ్గర నిలబడ్డ మనిషికి ప్రమాదం పెంచుతుంది. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. అయినా ఫలితం ఎటు మొగ్గుతుందో అంకెలు మార్చినా మారదు.

‘రెండుసార్లే ఎగిరింది’ అన్న మాటకు చట్టంలో ఉన్న విలువ

స్నేహితుల మధ్య బేరంలో చట్టం ఎత్తడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ ఇక్కడ అపోహలు చాలా ఉన్నాయి. ‘యాజ్ ఈజ్ (ఉన్నదున్నట్టు) అమ్మాను, నాకు సంబంధం లేదు’ అనే మాటతో అన్నీ తీరిపోతాయని చాలామంది అనుకుంటారు.

1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సరుకు నాణ్యతకు అమ్మినవాళ్లు మామూలుగా హామీదారులు కారు. కొనేవాళ్లే చూసుకోవాలి. ఆ రకం సరుకుల వ్యాపారం చేసేవాళ్లకు మినహాయింపులున్నాయి. ఒక్క బోర్డు అమ్ముకునే సీనియర్ వ్యాపారి కిందికి రావడం కష్టం. అదే కారణంగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆ సీనియర్ మీద ఫిర్యాదు నిలవడమూ కష్టమే. అయితే 15వ సెక్షన్ వేరే సంగతి చెబుతుంది: వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. దీనికి వ్యాపారి అయి ఉండనక్కర్లేదు. ‘రెండుసార్లు ఎగిరింది, ఎప్పుడూ కూలలేదు’ అని మెసేజ్‌లో రాస్తే అది వర్ణనే.

మరి ఏమీ చెప్పకుండా ఊరుకుంటే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ తెలిసిన లోపాన్ని పనిగట్టుకొని దాచడాన్ని మోసంగా చూస్తుంది. ఊరికే మౌనంగా ఉండడం, చెప్పాల్సిన బాధ్యత ఉన్న సందర్భాల్లో తప్ప, మోసం కాదంటుంది. పైగా 19వ సెక్షన్‌లో కొనేవాళ్లకు ఇబ్బంది కలిగించే మెలిక ఒకటుంది. మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన నిజాన్ని తెలుసుకోకుండా కొంటే, అవతలివాళ్ల మౌనం సాకుగా ఒప్పందం రద్దు చేసుకోవడం కుదరదు. సీసా పరీక్ష చేసే వీలుండి చేయకపోతే ఆ ‘మామూలు జాగ్రత్త’ తీసుకోలేదని అవతలివాళ్లు వాదించొచ్చు.

కూలిన బోర్డు టెర్మినల్‌కు కొత్తగా టంకం వేసి, మెరుగుపెట్టి, ఆ సంగతి చెప్పకుండా అమ్మితే అది మౌనం కిందికి వస్తుందా, దాచడం కిందికి వస్తుందా? నా ఉద్దేశంలో రెండోదే. మెమరీలోని ఎగిరిన రికార్డులు చెరిపేయడం మాత్రం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. చోటు ఖాళీ చేద్దామని కూడా చెరుపుతారు మరి.

రేడియో ఉన్న బోర్డుకు మన దేశంలో వచ్చే తిరకాసు

బీప్‌లు మాత్రమే చేసే ఆల్టీమీటర్‌కు ఎక్కడైనా ఒకే విలువ. రేడియో ఉన్న బోర్డు అలా కాదు. అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకునే 902–928 మెగాహెర్ట్జ్ బ్యాండు మన దగ్గర అలా వాడుకోవడానికి లేదు. అందులో కొంత భాగం ఇక్కడ సెల్‌ఫోన్లు టవర్లకు మాట్లాడే చోటు. మనకు లైసెన్సు అక్కర్లేని బ్యాండు 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అమెరికాలో మంచి ధర పలికే ట్రాకర్ (రాకెట్ ఎక్కడుందో రేడియోతో చెప్పే బోర్డు), ఫ్రీక్వెన్సీ మార్చే వీలు లేకపోతే, తిరుపతిలో సగం బోర్డే.

టెలిమెట్రమ్ లాంటివి హామ్ రేడియో (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్ల) బ్యాండులో, 434 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి. మన దేశంలో హామ్‌లకు 434–438 మెగాహెర్ట్జ్ కేటాయింపు ఉంది. పరీక్ష రాసి, టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్సు తీసుకున్నవాళ్లే దాన్ని వాడాలి. టీములో ఒక్కరికైనా హామ్ లైసెన్సు ఉంటే ఈ బోర్డు విలువ పూర్తిగా దక్కుతుంది. వైఫైతో ఫోను నుంచి సెట్ చేసుకునే రకాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి కాబట్టి ఈ తలనొప్పి లేదు.

విదేశాల నుంచి పాత బోర్డును కొరియర్‌లో తెప్పించుకుందామంటే ఇంకో గడప దాటాలి. మన విదేశీ వాణిజ్య విధానంలో, యంత్రసామగ్రి కాని పాత సరుకుల దిగుమతి ఆంక్షల జాబితాలో ఉంది, అనుమతి కావాలి. కొత్తది తెప్పించుకోవడం కంటే పాతది తెప్పించుకోవడమే కష్టం కావడం వింతగా ఉంటుంది గానీ, ఈ-వ్యర్థాలు కుమ్మరించకుండా ఆపే నియమాలకు ఇలాంటి చిన్న బోర్డు ప్రత్యేకంగా కనిపించదు.

బోర్డుతో పాటు ‘మొత్తం సెట్టు ఇచ్చేస్తా’ అనేవాళ్లుంటారు. ఆల్టీమీటర్ పేలుడు పదార్థం కాదు. దాని పక్కన డబ్బాలో మిగిలిపోయిన తుపాకీ మందు మాత్రం 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో మొదటి తరగతి పేలుడు పదార్థం. అది చేతులు మారడం వేరే వ్యవహారం, హాస్టల్ గదిలో తేల్చుకునేది కాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని కూడా బోర్డుతో పాటు పార్శిల్‌లో పెట్టకూడదు.

ధర ఎక్కడ తెగుతుంది?

ఊహించిన అంకెలతోనే ఒక బేరం వేసి చూద్దాం. కొత్త ఆల్టీమీటర్ చేతికి వచ్చేసరికి 8,000 రూపాయలు. పాతవి రెండు దొరికాయి. మొదటిదానికి 6,000 అడుగుతున్నారు: రికార్డులు ఉన్నాయి, సీసా పరీక్ష ఎదురుగా చేసి చూపిస్తారు, కంప్యూటర్‌కు తగిలించే కేబుల్ ఇస్తారు. రెండోది 4,500: కేబుల్ లేదు, రికార్డులు లేవు, పరీక్షకు తీరిక లేదంటారు.

రెండోదానికి కేబుల్ విడిగా కొంటే 2,000 పడుతుందనుకోండి. అక్కడికే 6,500 అయింది. రాకెట్, మోటారు కలిపి 30,000 ఖర్చు అనుకుంటే, పరీక్షించని బోర్డు మొరాయించే అవకాశం మొదటిదానికంటే వందకు మూడు పాళ్లు ఎక్కువైనా, ఆ ప్రమాదం ఖరీదు 900 రూపాయలు. మొత్తం 7,400. తక్కువ ధర అనుకున్నది కొత్తదాని దరిదాపులకు వచ్చేసింది. కొన్నాక సీసా పరీక్ష మనమే చేసుకుంటే ఆ 900లో చాలా భాగం తగ్గుతుంది. కేబుల్ ఖర్చు మాత్రం తగ్గదు. చాలా పాత మోడళ్ల విషయంలో కేబుల్ దొరికినా, దాని సాఫ్ట్‌వేర్ ఇప్పటి లాప్‌టాప్‌లో నడవకపోవచ్చు. అప్పుడు సెట్టింగులు మార్చలేని బోర్డు మిగులుతుంది.

కూలిన బోర్డులకూ మార్కెట్ ఉంది. పీడన సెన్సరు, మెమరీ బాగుంటే క్యాన్‌శాట్ (డబ్బా సైజు నమూనా ఉపగ్రహం) ప్రాజెక్టుకో, వాతావరణ బెలూన్ ప్రయోగానికో డేటా లాగర్‌గా పనికొస్తాయి. అలా అమ్మేవాళ్లలో జాగ్రత్తపరులు వత్తులకు కరెంటు ఇచ్చే టెర్మినళ్లను పీకేసి అమ్ముతారు. ‘ఎగరేయడానికి కాదు’ అని మొదట కొన్నవాళ్లకు చెబితే వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. వాళ్ల దగ్గర కొనే మూడో మనిషికి ఆ మాట చేరుతుందో లేదో తెలియదు, టెర్మినల్ లేని బోర్డుకు మాత్రం ఎవరూ వత్తి తగిలించలేరు.